చవకైన బాటిలు – ఖరీదైన పాఠం
(మేడ్చల్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నప్పుడు ముందు ఒప్పుకోలేదు. నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాణ్ణి. నాకు తెలిసిన విద్య ఫైలు కట్టడం, నోటు పెట్టడం, కాగితానికి కాగితం సరిచూడటం. "వైద్యం చెప్పమనడం లేదు, మీకు జరిగింది చెప్పండి. విన్నవాళ్ళలో ఒక్కరికి ఉపయోగపడినా చాలు" అన్నారు ఆయన. ఆ మాట మీద వచ్చాను.

మన సంఘంలో ఇంటికొకరు విదేశాల్లో ఉన్నారు. కొడుకో, కూతురో, తోబుట్టువో. అక్కడ వైద్యం ఖరీదు. పళ్ళ దగ్గర నుంచి మోకాళ్ళ దాకా "ఇండియాలో ఎంతవుతుందో కనుక్కో" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. మనమూ సంతోషంగానే కనుక్కుంటాం. నాకు వచ్చిన ఫోను మాత్రం వేరే రకం.

మా చెల్లెలు న్యూజెర్సీలో ముప్పై ఏళ్ళకు పైగా ఉంది. బావగారు పోయాక కొడుకు దగ్గర ఉండేది. 2023 మొదట్లో పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. అప్పటికే లివరుకు పాకింది. రెండు వారాలకొకసారి కీమోథెరపీ మొదలుపెట్టారు. ఆ మందుల్లో ఒకదాని గుణం ఏమిటంటే, చల్లటి నీళ్ళు ముట్టుకుంటే చాలు వేళ్ళకు సూదులు గుచ్చినట్టుంటుంది. ఫ్రిజ్ తలుపు తెరవాలన్నా చేతికి గ్లౌజు వేసుకునేది. ఆ బాధలో ఉండగా ఎవరో చెప్పారట, విటమిన్ సి పెద్ద మోతాదులో నరానికి ఎక్కిస్తే క్యాన్సర్ తగ్గుతుందని. అక్కడొక క్లినిక్కులో విచారిస్తే ఒక్కో బాటిలుకు 225 డాలర్లు, వారానికి రెండు బాటిళ్ళు అన్నారు. ఇన్సూరెన్సు కీమోకు ఇస్తుంది, దీనికి పైసా ఇవ్వదు.

గుమాస్తా బుద్ధి కదా, ఫోను చెవిన ఉండగానే లెక్క వేశాను. ఏడాదికి 104 బాటిళ్ళు, 23,400 డాలర్లు. ఆనాటి రేటు 82 రూపాయల లెక్కన రమారమి 19 లక్షలు.

"అన్నా, జర నువ్వు పోయి కనుక్కో. మన మేడ్చల్ల, శామీర్‌పేటల ఇప్పుడు అన్నీ వచ్చినయంట గదా. చవకైతె నేనే వచ్చి రెండు నెలలు నీ దగ్గరుంట. ఈ కీమో రెండు మూడు సార్లు ఆపితె ఏం గాదు" అంది.

ఆ చివరి మాట నాకు సరిగా వినపడలేదో, వినపడినా పట్టించుకోలేదో ఇప్పటికీ చెప్పలేను. చెల్లెలు వస్తానంటోంది, నేను కనుక్కోవాలి. అంతే తోచింది.

మిత్రులారా, మన ప్రాంతం ఎంత మారిందో మీకు నేను చెప్పనక్కరలేదు. నేను ఉద్యోగంలో చేరిన 1975లో శామీర్‌పేట అంటే చెరువు, జామ తోటలు, కరీంనగర్ బస్సు. ఇప్పుడు అది మన జిల్లా కలెక్టరేటు ఉన్న చోటు. ఇటు మేడ్చల్‌లో వరప్రసాద్ రెడ్డి గారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ నుంచి 1997లో హెపటైటిస్ బి టీకా వచ్చింది. శామీర్‌పేట దాటాక తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది. కరోనా కాలంలో కోవాక్సిన్ అక్కడి నుంచే వచ్చింది. అందుకని ఈ చుట్టుపక్కల తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషీ సైంటిస్టే అన్నట్టు మనకొక నమ్మకం ఏర్పడింది. నాకూ ఉండేది.

ఒక సోమవారం పొద్దున సంచీలో నోటుబుక్కు పెట్టుకుని బయలుదేరాను. మూడు చోట్లకు వెళ్ళాను. పేర్లు చెప్పను. నా తప్పు చెప్పడానికి వచ్చాను గాని ఎవరి మీదా ఫిర్యాదు పెట్టడానికి రాలేదు.

మొదటిది పెళ్ళికూతుళ్ళకు ఒంటి రంగు తేలుస్తామనే చోటు. క్యాన్సర్ అనగానే ఆ అమ్మాయి భయపడి "మా దగ్గర కాదంకుల్" అంది. ఆమె నిజాయితీకి దండం పెట్టాలి. రెండోది ఒక చిన్న నర్సింగ్ హోము. డాక్టరు సాయంత్రం వస్తారు, మేము ఎక్కించేస్తాం అన్నాడు కాంపౌండరు. మూడోది శామీర్‌పేట వైపు, తోటలో అద్దెకు తీసుకున్న ఇల్లు. నాలుగు పడక కుర్చీలు, మంద్రంగా వీణ పాట, గోడకు ఒక కాగితం. క్యాన్సర్, షుగరు, పక్షవాతం అన్నిటికీ పరిష్కారమని దాని మీద రాసి ఉంది. 25 గ్రాముల బాటిలు రూ. 3,500, పది ఒకేసారి కడితే తగ్గింపు. అమెరికా ధరతో పోల్చి చూస్తే అయిదో వంతుకు తక్కువ.

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ జాబితాలో షుగరు, పక్షవాతం కూడా ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఉద్యోగంలో ఉండగా ఆ చట్టం పేరున్న సర్క్యులర్లు చూశాను. అయినా ఆ గోడ కాగితం చదివి ఊరుకున్నాను. మనకు కావలసినది దొరికినప్పుడు చట్టం గుర్తుకు రాదు.

ఇక నా తెలివి చూడండి. చెల్లెలు అంత దూరం నుంచి వచ్చాక ఏదన్నా అయితే? ముందు నేనే ఒక బాటిలు ఎక్కించుకుని చూస్తే సరి అనుకున్నాను. మన పల్లెల్లో జ్వరమొస్తే "సారూ, ఒక బాటిల్ పెట్టరాదు" అని మనమే అడుగుతాం. బాటిలు ఎక్కితే బలమని మన రక్తంలోనే ఉంది. విటమినే కదా, విషమా? ఇంట్లో చెప్పకుండా 3,500 కట్టి కుర్చీలో కూర్చున్నాను.

ఆ అబ్బాయి 500 మిల్లీగ్రాముల చిన్న చిన్న గాజు ఆంపూళ్ళు ఒక్కొక్కటే విరిచి, సిరంజితో లాగి సెలైన్ బాటిల్లో పోస్తున్నాడు. 25 గ్రాములకు యాభై ఆంపూళ్ళు కావాలి. నేను లెక్కపెట్టాను, నలభై ఏడే వచ్చాయి. ఆ మాట చెబితే నవ్వి ఇంకో మూడు విరిచాడు. యాభై లెక్క సరిపోయిందని నాకెంతో తృప్తి. నాకు షుగరుందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఏ మందులు వాడుతున్నాను అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆంపూళ్ళు లెక్కపెట్టిన వాణ్ణి అడగవలసిన ప్రశ్నలు లెక్కపెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. భోజనానికి ముందు అలవాటుగా వేలు గుచ్చి గ్లూకోమీటరులో చూసుకున్నాను. నాకు ఆ వేళకు 170, 180 ఉంటుంది. ఆ రోజు 412. మళ్ళీ చూశాను, అంతే. బాటిల్లో గ్లూకోజు కలిపినట్టున్నాడని తిట్టుకుని, రోజూ తీసుకునే 10 యూనిట్ల ఇన్సులిన్‌కు ఇంకో 12 కలిపి తీసుకున్నాను. షుగరు ఇంత ఉందని అన్నం సగమే తిన్నాను.

మూడు గంటలకు ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. ఏదో మాట్లాడానట, మాట ముద్దగా వచ్చిందట. మా ఆవిడ గాబరాపడి వేలు గుచ్చి చూస్తే మీటరులో 268. షుగరు ఎక్కువే ఉంది కదా అని ఆమె చక్కెర పెట్టలేదు. పెట్టకపోవడం ఆమె తప్పు కాదు. మీటరు చెప్పింది నమ్మింది. పక్కింటి అబ్బాయి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ మా మనవరాలి వయసుది. మీటరు చూసింది, నన్ను చూసింది. మనిషి లక్షణాలు షుగరు పడిపోయినట్టున్నాయి, మీటరు పెరిగిందంటోంది. "తాతగారు ఇవాళ ఏమన్నా ఇంజక్షన్లు తీసుకున్నారా?" అని అడిగింది. మా ఆవిడకు తెలియదు. నా చొక్కా జేబులో రసీదు దొరికింది. ఉద్యోగం నేర్పిన అలవాటు అది, రసీదు లేకుండా రూపాయి ఇవ్వను. ఆ రసీదే నన్ను బతికించింది. నరం నుంచి రక్తం తీసి ల్యాబుకు పంపి, ఫలితం కోసం ఆగకుండా గ్లూకోజు ఎక్కించింది. ల్యాబు నుంచి వచ్చిన అంకె 44.

జరిగింది ఇదీ. రక్తంలో విటమిన్ సి విపరీతంగా ఉన్నప్పుడు మన ఇళ్ళలో ఉండే చాలా గ్లూకోమీటర్లు దాన్ని కూడా చక్కెర కింద లెక్కకట్టి ఎక్కువ చూపిస్తాయి. కొన్ని గంటల పాటు అలాగే చూపిస్తాయి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ సభలో షుగరు ఉన్నవాళ్ళు చెయ్యెత్తమంటే సగం చేతులు లేస్తాయి. మిగతా ప్రసంగం మరిచిపోయినా ఈ ఒక్క మాట ఇంటికి తీసుకుపోండి.

కోలుకున్నాక, మన సంఘం హెల్త్ క్యాంపుకు వచ్చే పెద్ద డాక్టరమ్మ గారి దగ్గరకు వెళ్ళి, జరిగిందంతా చెప్పి, చెల్లెలికి ఏమి చెప్పాలని అడిగాను. ఆమె తిట్టలేదు. కాగితం తీసి, నాకు అర్థమయ్యే భాషలో వివరించారు. ఆ తరువాత నేనూ మా మనవడి సాయంతో చదివాను. క్లుప్తంగా చెబుతాను.

మన దేశపు పోషకాహార లెక్కల ప్రకారం మగవాడికి రోజుకు కావలసిన విటమిన్ సి 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65. ఆ లెక్కలు కట్టే జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. నూరు గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. నేను ఎక్కించుకున్న 25 గ్రాములు 312 రోజుల అవసరం. పది నెలల రేషను ఒక్క పూటలో తెచ్చుకున్నట్టు. నోటితో ఎంత మింగినా పేగు కొంతవరకే తీసుకుంటుంది, మిగతాది బయటికి పోతుంది. నరానికి ఇస్తే ఆ అడ్డు ఉండదు. అందుకే రక్తంలో అంత ఎత్తుకు పోతుంది. మంచికైనా చెడుకైనా ఆ ఎత్తే కారణం.

ఈ వైద్యం గాలిలోంచి పుట్టలేదు. రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పాలింగ్, స్కాట్లండు డాక్టరు యూవన్ కామెరాన్ కలిసి 1976లో ఒక వ్యాసం ప్రకటించారు. చివరి దశలో ఉన్న 100 మందికి రోజుకు 10 గ్రాముల విటమిన్ సి ఇస్తే ఎక్కువ కాలం బతికారన్నారు. వాళ్ళను పోల్చింది ఆస్పత్రి పాత రికార్డుల్లోని 1,000 మంది రోగులతో. పాత ఫైళ్ళు తీసి మనకు కావలసినవి ఏరుకుంటే ఏ నోటైనా పెట్టవచ్చని మనకు తెలుసు కదా. తరువాత అమెరికాలో మేయో క్లినిక్ వారు 1979లో, 1985లో రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి చూస్తే లాభం కనిపించలేదు. అయితే వారిచ్చింది నోటి మాత్రలు. నరానికి ఇస్తే వేరుగా ఉంటుందేమో అన్న ప్రశ్న మిగిలిపోయింది. 2004 తరువాత మళ్ళీ పరిశోధనలు మొదలయ్యాయి.

మా చెల్లెలి జబ్బు మీదనే చైనాలో 442 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఫలితం 2022లో వచ్చింది. కీమోతో పాటు నరానికి విటమిన్ సి ఇచ్చినవాళ్ళకూ, కీమో మాత్రమే ఇచ్చినవాళ్ళకూ మొత్తం మీద తేడా తేలలేదు. అదే సంవత్సరం, రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి ఐ.సి.యు.లో ఉన్న 872 మంది మీద చేసిన మరో పరీక్షలో విటమిన్ సి ఎక్కించిన వారి పరిస్థితే కొంత అధ్వాన్నంగా ఉంది. విటమినే కదా, మేలు చెయ్యకపోయినా కీడు చెయ్యదు అన్న మన లెక్క తప్పని దీన్నిబట్టి తెలుస్తుంది.

కీడు ఇంకా ఉంది. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్ళు మన దేశంలోనూ ఉన్నారు. చాలామందికి తమకు ఆ లోపం ఉందనే తెలియదు. వాళ్ళకు ఈ మోతాదు ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కిడ్నీలు బలహీనంగా ఉంటే విటమిన్ సి ఆక్సలేటుగా మారి కిడ్నీలో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. అమెరికా ప్రభుత్వం 2017లో విటమిన్ సి ఇంజక్షనుకు ఒక అనుమతి ఇచ్చింది. దేనికంటే స్కర్వీ జబ్బుకు. పెద్దలకు రోజుకు 200 మిల్లీగ్రాములు, అదీ వారం రోజులు మించకుండా. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు.

ఈ సందర్భంలో మన తెలుగువాడి సంగతి ఒకటి చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో అమెరికా వెళ్ళారు. ఆయన సోదరులను బలిగొన్నది స్ప్రూ అనే పేగుల జబ్బు, ఆయనకూ వచ్చి తగ్గింది. బోస్టన్‌లో రాత్రుళ్ళు ఆస్పత్రిలో చిన్న పనులు చేసుకుంటూ చదువుకున్నారు. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ జాతి విటమిన్‌ను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. తగ్గకపోగా జబ్బు జోరందుకున్నట్టు కనిపించింది. అంటే విటమిన్ మనకే కాదు, క్యాన్సరుకూ తిండే అయిందన్నమాట. అప్పుడు సుబ్బారావు గారి బృందం ఆ విటమిన్ పనిని అడ్డుకునే మందు ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం మేలు కనిపించింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. మనలో కీళ్ళవాతం ఉన్నవాళ్ళు వారానికొకసారి వేసుకునే మాత్ర అదే. సుబ్బారావు గారు ఆ సంవత్సరమే ఆగస్టులో, స్వదేశం తిరిగి రాకుండానే కన్నుమూశారు.

సుబ్బారావు గారు విటమిన్‌ను తయారు చేసినవారే. అయినా "నా విటమిన్ మంచిదే" అని పట్టుబట్టలేదు. రోగికి ఏమైందో చూసి, విటమిన్‌కు విరుగుడు ఇచ్చారు. విటమిన్ అన్న పేరులో అభయం ఏమీ లేదని దూరదేశంలో ఉండి మనవాడే నేర్పాడు. మనమే మరిచాం.

ఇక చవక సంగతి. చవక అంటే నాకు చులకన లేదు, పెన్షను మీద బతికేవాణ్ణి. మన మేడ్చల్ టీకా కూడా చవకే. విదేశీ టీకా ధర సామాన్యుడికి అందకుండా ఉన్న రోజుల్లో దాన్ని అందుబాటులోకి తెచ్చింది. కోవాక్సిన్‌ను 25,800 మంది వాలంటీర్లతో పరీక్షించారు. పరీక్ష, అనుమతి, ధర మూడూ ఉన్నాయి. ఆ తోటలో ఇంట్లో ధర ఒక్కటే ఉంది, ముందు రెండు కాగితాలు లేవు. ముందు కాగితాలు లేని ఫైలు మన ఆఫీసులో అయితే తిప్పి పంపేవాళ్ళం.

డాక్టరమ్మ గారు రాసిచ్చిన ప్రశ్నలు ఇవి. ఒకటి, ఈ జబ్బుకు ఈ మందు ఎంతమంది మీద పరీక్షించారు, ఏం తేలింది? రెండు, జి-6-పి-డి, కిడ్నీ పరీక్షలు చేశారా? మూడు, ఎక్కించేటప్పుడు, తరువాత చూసుకునే డాక్టరు ఎవరు? నాలుగు, క్యాన్సరుకు చూస్తున్న డాక్టరుకు ఈ సంగతి చెప్పారా, నడుస్తున్న వైద్యం ఆపమంటున్నారా? అయిదోది ధర. నేను అయిదోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. నాలుగో ప్రశ్న చదివినప్పుడు మా చెల్లెలు ఫోనులో అన్న ఆ చివరి మాట గుర్తొచ్చింది. కీమో రెండు మూడుసార్లు ఆపుతానంది.

చెల్లెలికి ఉత్తరం రాశాను. పాత అలవాటు, పేరాలకు నంబర్లు వేసి. నేను పడిపోయిన సంగతి మాత్రం రాయలేదు. వద్దు, కీమో ఆపవద్దు, మీ డాక్టరును అడగకుండా ఏదీ ఎక్కించుకోవద్దు అని ముగించాను. రెండు రోజులకు ఫోను చేసింది.

"అన్నా, నేను ధర అడిగిన. నువ్వు నోటు పెట్టినవ్."

అంతే, పెట్టేసింది. మూడు వారాలు మాట్లాడలేదు. ఆ మూడు వారాలు నాకెలా గడిచాయో మా ఆవిడకు తెలుసు. దూరదేశంలో జబ్బుతో ఉన్న ఆడపిల్ల పుట్టింటి వైపు చెయ్యి చాపితే, పుట్టింటివాడు రూల్సు చదివి వినిపించాడు. తరువాత మా మేనల్లుడు చెప్పాడు, తల్లి ఆ ఉత్తరం తీసుకుపోయి అక్కడి డాక్టరుకు చూపించిందని, ఆయనా కీమో ఆపవద్దన్నాడని. ఆపలేదు.

ఆ ఏడాది నవంబరులో డాక్టరు అనుమతితో ఒక నెల మా ఇంటికి వచ్చింది. కార్తీకమాసం. శామీర్‌పేట చెరువు వైపు బంధువుల తోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు పెట్టుకున్నాం. చలికి చేతులు పనిచెయ్యక, మా ఆవిడ కలిపి ముద్దలు పెట్టింది. ఉసిరికాయ పచ్చడి అడిగి మరీ వేయించుకుంది. అప్పుడు చెప్పాను, బాటిలు ఎక్కించుకోవడం, మీటరు, ఆటో, 44. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నవ్వింది.

"నాకోసం నువ్వెక్కించుకున్నవా? గిది ఉత్తరంల ఎందుకు రాయలే? గదొక్కటి రాస్తే నేను ఆ మూడు వారాలు అలుగుతనా?"

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టుంటుంది. కాని దాచకూడదు. 2024 నవంబరులో మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, అయోవా యూనివర్సిటీ వాళ్ళ ఫలితం చూసినవా? విటమిన్ సి పనిచేస్తుందంటున్నరు." చదివించుకున్నాను. నిజమే. ముదిరిన పాంక్రియాస్ క్యాన్సరులో కీమోతో పాటు వారానికి మూడుసార్లు 75 గ్రాములు ఎక్కిస్తే, బతికే కాలం సగటున 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగిందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చెల్లెలి నెలలు నేనే నోటు పెట్టి కొట్టేశానా?

మర్నాడు డాక్టరమ్మ గారి దగ్గరకు పరుగెత్తాను. ఆమె నిదానంగా చెప్పారు. అది వేరే క్యాన్సరు. పరీక్షలో ఉన్నది రెండు జట్లూ కలిపి 34 మంది. ఆశ కలిగించే ఫలితమే, పెద్ద పరీక్షలో రుజువు కావాలి. మీ చెల్లెలి జబ్బు మీద 442 మందితో తేలింది వేరు. పైగా అక్కడ ఎవరూ కీమో ఆపలేదు, కీమోకు తోడుగా ఇచ్చారు, ఆస్పత్రిలో ఇచ్చారు. "రేపు రుజువైతే నేనే రాస్తాను. ఆ రోజు కూడా ఆ తోటలో ఇంటికి మాత్రం పంపను" అన్నారు. నా మనసు కొంత కుదుటపడింది. పూర్తిగా పడిందని అబద్ధం చెప్పను.

మా చెల్లెలు 2025 ఫిబ్రవరిలో న్యూజెర్సీలో పోయింది. చివరి నెలల్లో నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు, ఇంటికే నర్సు వచ్చేది. బాధ లేకుండా పోయిందని మేనల్లుడు చెప్పాడు. అలాంటి సేవ ఇక్కడ లేదనుకోకండి. రెడ్‌హిల్స్‌లోని మన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే ప్రత్యేక విభాగం ఉంది. విదేశాల నుంచి "చవకగా ఏముంది" అని అడిగే మనవాళ్ళకు చెప్పదగినవి ఇక్కడ చాలా ఉన్నాయి. దేన్ని చెబుతున్నామో చూసుకుని చెబుదాం.

కాబట్టి నా మనవి ఒక్కటే. మీ పిల్లల నుంచి, తోబుట్టువుల నుంచి అలాంటి ఫోను వస్తే కాదనకండి. నాలాగా మొదటే ధరకు పోకండి. ఆ నాలుగు ప్రశ్నలు అడిగి రండి. జవాబు వద్దు అని వస్తే, నంబర్లు వేసిన ఉత్తరంతో సరిపెట్టకండి. ఫోను చేసి, మీ భయం కూడా చెప్పండి. నేను ఉత్తరంలో రాయనిది అదొక్కటే, మా చెల్లెలికి కావలసిందీ అదే.

 నవంబరు వచ్చేస్తోంది, లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వడం మరువకండి. ఏటా ఆ కాగితం మీద సంతకం పెట్టే భాగ్యం మీకందరికీ ఇంకా చాలా ఏళ్ళు కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.